నాలుగు అంతస్తుల ఖాళీ

జూన్ 4, మంగళవారం

కొన్నాం. ఉదయం పది దాటి ఏడు నిమిషాలకి. ఫోన్ నా చేతిలోనే ఉన్నా బటన్ మాత్రం నాన్న చేత నొక్కించాను. డబ్బు ఆయనది కాబట్టి వేలు కూడా ఆయనదే ఉండాలని నా వాదన. నాన్న వేలిని ప్యాంటుకి తుడుచుకుని మరీ నొక్కాడు.

ఆయన పాత ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు లెక్క తేల్చి ఇచ్చిన మొత్తం అది. మూడేళ్ళు బ్యాంకులో కదలకుండా పడుకుంది. పోయిన నెల గడువు తీరింది. కొత్త వడ్డీ ఎంతో చూసి నాన్న రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అదే వారం డాక్టరు అమ్మ కాళ్ళు చూసి, ఇక ఒంటిపూట పని మాత్రమే చేయాలి, రోజంతా నిలబడితే నరాలు పూర్తిగా పాడవుతాయి అన్నాడు. అమ్మది లాండ్రీలో పని. హోటళ్ళ దుప్పట్లు ఆవిరి ప్రెస్సు మీద వేసి తీయాలి, తొమ్మిది గంటలు నిలువుకాళ్ళ మీద. ఒంటిపూటకి సగం జీతం. మిగతా సగం ఎక్కడి నుంచి వస్తుందన్నదే మా ఇంట్లో నెల రోజులుగా ప్రశ్న. జవాబు నేను తెచ్చాను.

రీట్ అంటారు దాన్ని. వేలమంది తలా కొంత వేస్తే ఒక ట్రస్టు ఆ డబ్బుతో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు కొంటుంది. అద్దెలు వస్తాయి. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో తొంభై శాతమైనా వాటాదారులకి పంచి తీరాలని రూలు. దాచుకోవడానికి వీల్లేదు. ఆ 'వీల్లేదు' అన్న మాట నాకు బాగా నచ్చింది. మేం ఎంచుకున్న ట్రస్టు మూడు నెలలకోసారి పంచుతుంది. దానికి పందొమ్మిది భవనాలున్నాయి. అందులో ఒకటి, నాన్న ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే పద్నాలుగు అంతస్తుల టవరు.

అది చూశాకే నాన్న సరేనన్నాడు. "ఆ బిల్డింగ్ నాకు తెలుసు. ఏ గోడలో ఏ వైరుందో కళ్ళు మూసుకుని చెప్తా."

రిపోర్టు రెండు వందల పన్నెండు పేజీలు. కాలేజీ లైబ్రరీలో కూర్చుని పదకొండు రోజుల్లో మొత్తం చదివాను.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగింది. "అంటే ఆ ఆఫీసులవాళ్ళు కట్టే అద్దె మనకొస్తుందా?"

"వస్తుందమ్మా. మన వాటా మేరకి."

"మనమే అద్దెకుంటున్నాం కదే."

"అయితే ఏమైంది. ఒక చేత్తో ఇస్తాం, ఇంకో చేత్తో తీసుకుంటాం."

"తీసుకునే చెయ్యి కాస్త పెద్దదుంటే బాగుండు," అని అమ్మ తన కాళ్ళు రెండూ ఉప్పునీళ్ళ బకెట్లో పెట్టుకుంది.

జూన్ 5

పెరిగింది. కొద్దిగానే. ఇవాళ ఆరుసార్లు చూశాను. రేపటి నుంచి రోజుకి ఒక్కసారే చూడాలి.

జూన్ 9, ఆదివారం

బాబాయి వచ్చాడు. ఆయన మెకానిక్. తన డబ్బంతా ఊరి బయట ఒక ప్లాటు మీద పెట్టాడు. ప్రతి ఆదివారం వెళ్ళి దాంట్లో కాసేపు నిలబడి వస్తాడు. అక్కడ చెట్టు లేదు, కంచె లేదు, ఆయన తప్ప ఏమీ లేదు.

"ఏమ్మా ఓనరమ్మా, నా స్థలంలో నేను నిలబడగలను. మీరెక్కడ నిలబడతారు?"

నాన్న పేపరు దించకుండానే అన్నాడు. "నేను రోజూ ఎనిమిది గంటలు అందులోనే నిలబడుతున్నా కదరా."

"ఉద్యోగానికి నిలబడ్డం వేరు, ఓనరుగా నిలబడ్డం వేరు అన్నయ్యా."

"కాళ్ళు అవే," అంది అమ్మ.

కానీ నాన్న నిలబడే తీరు మారిందన్నది నిజం. ఈ అయిదు రోజులుగా టవరులో ఎవరూ లేని గదుల్లో లైట్లు ఆర్పుతూ తిరుగుతున్నాడట. అయిదో అంతస్తు బాత్రూంలో కుళాయి కారుతుంటే ప్లంబర్ కోసం ఆగకుండా తనే వాషర్ మార్చాడట. పన్నెండో అంతస్తు మేనేజరు ఒకాయన ఏసీ పదహారులో పెట్టుకుని స్వెట్టర్ వేసుకుని కూర్చుంటే, "సార్, స్వెట్టరన్నా తీయండి, ఏసీ అన్నా తగ్గించండి, రెండూ మేమే భరించాలంటే కష్టం" అన్నాడట. ఆ 'మేమే' ఏమిటో ఆయనకి అర్థమై ఉండదు.

మన వాటా ఎంత అవుతుందని నాన్న అడిగితే లెక్కేసి చెప్పాను. పందొమ్మిది భవనాల్లో కలిపి రెండు నేల పలకలంత. నాన్న లెక్క విని, "రెండు పలకలకి నేను మరీ ఎక్కువ తిరుగుతున్నట్టున్నా" అన్నాడు. అయినా మానలేదు.

జూన్ 17

తగ్గింది. మేం కొన్నదానికంటే వందకి నాలుగు తక్కువ. మా ట్రస్టు ఒక్కటే కాదు, అన్నీ తగ్గాయి. వడ్డీలు పెరుగుతాయని ఎవరో పెద్దమనిషి అన్నాడట, అందుకని. ఈ తగ్గుదలకీ అద్దెకీ సంబంధం లేదు. అద్దె వస్తుంది, పంచుతారు. ధర ఎంతున్నా మనకెందుకు. అమ్మడానికి కొనలేదు కదా.

పైన రాసింది మళ్ళీ చదివాను. సరిగ్గానే రాశాను.

జూన్ 20

అమ్మ లాండ్రీ యజమానితో మాట్లాడేసింది. జూలై పదిహేను నుంచి ఒంటిపూట. జూలై 9 సాయంత్రం ట్రస్టు ఈ మూడు నెలల లెక్కలు చెప్తుంది, ఎంత పంచేదీ చెప్తుంది. ఆ డబ్బు పదిహేనుకి చేతికొస్తుంది. తేదీలు ఇంత బాగా కుదిరాయని అమ్మే అంది. కుదిర్చింది నేను.

జూన్ 24, సోమవారం

నాన్న ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ఇంకా రాలేదు.

"ఏడు నుంచి పది దాకా నాలుగు అంతస్తులు. ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారట. వైరింగంతా పీకేయమని సూపర్‌వైజర్ చెప్పాడు."

ఆ నాలుగు అంతస్తుల్లోనూ ఉన్నది ఒకటే కంపెనీ. బీమా కాగితాలు చూసే కంపెనీ, ఆరు వందలమంది. పద్నాలుగు అంతస్తుల్లో నాలుగు.

"నీ రిపోర్టులో ఏమైనా ఉందా?"

లేదు. ఆ రిపోర్టులో 'ఖాళీ' అన్న మాటే ఎక్కడా కనబడదు. 'అద్దెకు సిద్ధమవుతున్న స్థలం' అన్నట్టు రాస్తారు. అంత అందమైన మాట వెనక ఇంత పెద్ద కన్నం ఉంటుందని నాకు తట్టలేదు.

అమ్మకి చెప్పొద్దన్నాడు. నేనూ అదే అనబోయాను.

జూన్ 25

అమ్మేద్దాం అన్నాను. ఈ సంగతి బయటపడ్డాక ధర ఇంకా కిందకి జారుతుంది. ఇప్పుడైతే వందకి నాలుగే పోతుంది. మిగిలింది మళ్ళీ బ్యాంకులో వేద్దాం. వడ్డీ తక్కువైనా అసలు ఉంటుంది.

నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "ఎవరికి అమ్ముతాం?" అన్నాడు.

"ఎవరికో. మార్కెట్లో ఎవరుంటే వాళ్ళకి."

"వాడికి నాలుగు అంతస్తులు పోతున్నాయని తెలుసా?"

"తెలీదు."

"మరి మనకెలా తెలిసింది? అక్కడ వైర్లు పీకుతున్నా కాబట్టి. నేను పనిలో తెలుసుకున్నది దాచి వాడికి అంటగడితే ఎలా? కొనేవాడు కూడా నాలాంటివాడే అయ్యుంటాడు తల్లీ. ఎక్కడో ఫ్యాక్టరీ మూసేసి ఉంటారు."

"వాళ్ళు వేలమంది నాన్నా. పెద్ద పెద్ద కంపెనీలు కూడా కొంటాయి."

"అయితే అయ్యుండొచ్చు. కాకపోతే?"

"అమ్మ కాళ్ళ సంగతి?"

ఆయన లేచాడు. డాబా మీదకి వెళ్ళిపోయాడు. నేను అన్న మాట సరైనదే, కానీ వాడిన చోటు సరైనది కాదు.

జూన్ 26

ఉదయం అమ్మకానికి పెట్టాను. నాన్నకి చెప్పలేదు. మేం కొన్న ధరకే పెట్టాను. మనం పెట్టినంత మనకి రావాలి కదా. సాయంత్రానికి ఎవరూ కొనలేదు. ఆర్డర్ దానంతటదే రద్దయింది.

జూన్ 27

మళ్ళీ పెట్టాను. మళ్ళీ రద్దు.

జూన్ 28

మళ్ళీ. ధర తగ్గించొచ్చు. తగ్గించలేదు. ఇది పట్టుదల కాదు, క్రమశిక్షణ.

జూన్ 30, ఆదివారం

నాన్నకి ఇవాళ డ్యూటీ పడింది. క్యారియర్ ఇవ్వడానికని వెళ్ళాను. ఏడో అంతస్తుకి తీసుకెళ్ళాడు.

అంత పెద్ద ఖాళీని నేనెప్పుడూ చూడలేదు. బల్లలు తీసేసినచోట కార్పెట్ మీద చతురస్రాలు మిగిలాయి, కొత్త రంగుతో. వాటి చుట్టూ ఆరేడేళ్ళుగా నడిచిన దారులు, పాత రంగుతో. ఎవరు ఎటు నడిచేవాళ్ళో తెలిసిపోతోంది. అన్ని దారులూ ఒక మూలకి వెళ్తున్నాయి. అక్కడ కాఫీ మెషిన్ ఉండేదట. కిటికీ పక్కన ఒక స్తంభానికి పెన్సిల్ గీతలు, పక్కనే నెలలు. కుండీలో మొక్క ఎత్తు కొలిచేవాడట ఒకతను. వెళ్ళేటప్పుడు మొక్కని ఒళ్ళో పెట్టుకుని వ్యాన్‌లో కూర్చున్నాడట.

నాన్న పైకప్పు పలకలు తీసి వైర్లు కిందకి లాగుతున్నాడు. లాగిన ప్రతి వైరునీ మోచేతికి చుట్టి, రంగుల వారీగా గోడవారన పెడుతున్నాడు.

"పారేసేవే కదా నాన్నా, ఎందుకంత పద్ధతి?"

"మళ్ళీ ఎవరైనా వస్తే పనికొస్తాయి."

"ఎవరొస్తారు?"

"ఎవరో ఒకరు రాకపోతే ఎలా పంతులమ్మా," అన్నాడు. నేను మరీ ఎక్కువ చదువుతున్నప్పుడు ఆ పేరుతో పిలుస్తాడు. ఇవాళ నేనేమీ చదవడం లేదు.

జూలై 3

అమ్మ మధ్యాహ్నం పనికి ఒక కొత్తమ్మాయిని పెట్టుకున్నారట. అమ్మే నేర్పుతోంది. దుప్పటి అంచులు ముందు చూసుకోవాలి, చెయ్యి ఆవిరికి ఏ వైపు ఉండాలి, అన్నీ.

"మంచిపిల్ల. రెండ్రోజుల్లో పట్టేసింది," అంది అమ్మ సంతోషంగా. "ఇక వాళ్ళకి నా అవసరం మధ్యాహ్నం ఉండదు."

ఇక వెనక్కి పోవడానికి లేదన్నమాట. ట్రస్టు పంచకపోయినా, సగమే పంచినా, అమ్మ మధ్యాహ్నం పని అమ్మకి తిరిగి రాదు. ఇంకెక్కడో నిలబడే పని వెతుక్కోవాలి.

నాన్న తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. "ఇద్దరూ కంచాల్లో ఏం చదువుతున్నారు?" అంది అమ్మ.

జూలై 4

పెట్టాను. రద్దు.

జూలై 5

పెట్టాను. రద్దు. వందకి అయిదు తక్కువైంది.

జూలై 8, సోమవారం

రేపు సాయంత్రం లెక్కలు బయటికొస్తాయి. అమ్మాలంటే రేపు ఉదయమే ఆఖరు. ధర పట్టించుకోను. ఎంతకైనా సరే. అసలులో కొంత పోయినా మిగిలింది దక్కుతుంది. మిగిలినదాంతో ఏం చేయాలో తర్వాత చూసుకోవచ్చు. నాన్న మంచితనం గురించి కూడా తర్వాత ఆలోచించొచ్చు.

నిర్ణయించుకున్నాను కాబట్టి నిద్ర పట్టాలి.

జూలై 9, మంగళవారం, మధ్యాహ్నం

క్లాసులో నెట్ రాలేదు. అమ్మలేకపోయాను.

జూలై 9, సాయంత్రం

ఏడు గంటలకి ప్రకటన వచ్చింది. నాన్నా నేనూ డాబా మెట్ల మీద కూర్చుని చదివాం. నేను చదివి చెప్తున్నాను, ఆయన వింటున్నాడు. మొదటి పేజీలో ఏమీ అర్థం కాలేదు, కళ్ళు జారిపోతున్నాయి. రెండోసారి నెమ్మదిగా చదివాను.

బీమా కాగితాల కంపెనీ వెళ్ళిపోలేదు. మారింది. నదికి అవతలి వైపున్న కొత్త భవనంలోకి, నాలుగు అంతస్తుల నుంచి ఆరు అంతస్తులకి, తొమ్మిదేళ్ళ ఒప్పందంతో. ఆ భవనం కూడా మా ట్రస్టుదే. పందొమ్మిదిలో పదహారోది. ఇక్కడ ఖాళీ అయిన నాలుగు అంతస్తుల్లో రెండింటికి అప్పుడే ఒక ఆర్కిటెక్టుల సంస్థ మాట ఇచ్చింది. పంపకం యథాప్రకారం పదిహేనో తేదీన.

"ఇంకోసారి చదువు," అన్నాడు నాన్న.

చదివాను.

"అంటే వాళ్ళు మన ఇంట్లోంచి మన ఇంట్లోకే మారారా?"

"అవును నాన్నా."

నాన్న మెట్టు మీద వెనక్కి వాలి ఆకాశంకేసి చూస్తూ ఊపిరి వదిలాడు. అది చాలా రోజులు లోపల ఉన్న ఊపిరి.

"లారీలవాళ్ళని ఒక్కమాట అడిగితే చెప్పేవాళ్ళు, ఎక్కడికి పోతున్నారో," అన్నాడు. "రోజూ నా ముందు నుంచే బల్లలు మోసుకెళ్ళారు. అడగాలంటే భయమేసింది."

"అలాంటి భయమే నాకూ," అన్నాను. "రిపోర్టు మొత్తం చదివానన్నాను కదా. మన టవరున్న పేజీలు మాత్రం నాలుగుసార్లు చదివాను. మిగతా పద్దెనిమిది భవనాలవీ బొమ్మలు చూసుకుంటూ తిప్పేశాను. నూట నలభయ్యో పేజీలో ఉందట, ఆ కొత్త భవనానికి పెద్ద అద్దెదారుడితో మాటలు నడుస్తున్నాయని."

నాన్న నవ్వాడు. "మనం కొన్నది పందొమ్మిది. కాపలా కాసింది ఒక్కటి."

ఆ నవ్వు చూశాక మిగతాది కూడా చెప్పేయాలనిపించింది. మొదలుపెట్టాను. జూన్ ఇరవయ్యారు నుంచి నీకు చెప్పకుండా రోజూ ఉదయం...

"అమ్మకానికి పెడుతున్నావు. తెలుసు."

"ఎలా?"

"ఖాతా నా పేరు మీదుంది, ఫోన్ నంబరూ నాదే. పొద్దున్న పెట్టినట్టు ఒక మెసేజీ, సాయంత్రం రద్దయినట్టు ఒక మెసేజీ. రోజూ."

నాకు కాళ్ళ కింద నుంచి మెట్టు తీసేసినట్టయింది. "మరి అడగలేదేం?"

"నువ్వు పెట్టిన ధర చూశా. ఆ ధరకి ఎవడూ కొనడు. అడిగితే కోపమొచ్చి తగ్గించేదానివి."

జూలై 10

నిన్న మధ్యాహ్నం రాసింది అబద్ధం. నాకోసం రాసుకునేదాంట్లో కూడా అబద్ధం రాశానంటే నవ్వొస్తోంది. నెట్ వచ్చింది. బాగానే వచ్చింది. వెనక బెంచీలో కూర్చుని, ధర గడిలో ఏదీ వేయకుండా, ఎంతకైనా అని పెట్టి, వేలు బటన్ మీద ఉంచాను. ఎదుటి గడిలో వాటాలు, అదే యూనిట్లు, కొనేవాళ్ళ వరస కదులుతోంది. ఒకరు రెండు వందల యూనిట్లు, ఒకరు యాభై, ఒకరు మూడు. మూడు యూనిట్లు ఎవరు కొంటారు? మూడే కొనగలిగినవాళ్ళు. వాళ్ళింట్లో కూడా ఎవరో లైబ్రరీలో కూర్చుని మొత్తం చదివానని చెప్పి ఉంటారు.

తొమ్మిది నిమిషాలు వేలు అలాగే ఉంది. తర్వాత ఫోన్ సంచిలో పడేశాను. నాన్న చెప్పింది ఒప్పుకున్నానని కాదు. ఆ మూడు యూనిట్ల మనిషి వైపు చూసి నొక్కలేకపోయాను, అంతే.

ఒకవేళ ఆ కంపెనీ నిజంగా వెళ్ళిపోయి ఉంటే, ఈ మాటలే ఇంత హాయిగా రాసేదాన్నా? తెలీదు. రాయలేకపోయేదాన్నేమో.

జూలై 11

అమ్మకి అన్నీ చెప్పాం. ఖాళీ అంతస్తులు, ఆర్డర్లు, పదహారో భవనం. అమ్మ బకెట్లో కాళ్ళు పెట్టుకుని నిదానంగా వింది.

"అందుకేనా రెండు వారాలుగా ఇద్దరూ కూర బాగుందని కూడా అనకుండా తిన్నారు?"

"అవును."

"నాకు చెప్తే ఏమయ్యేది?"

"భయపడతావని," అన్నాడు నాన్న.

"నేను భయపడితే లారీవాణ్ణి అడిగేదాన్ని," అంది అమ్మ.

పంచేది నేను లెక్కేసినదానికంటే కొంచెం తక్కువే. అమ్మ సగం జీతంలో పదో వంతు లోటు పడుతుంది. వీధి చివర పిల్లలకి వారానికి మూడు రోజులు లెక్కలు చెప్తానన్నాను. ధర ఇంకా మేం కొన్నదానికి కిందే ఉంది. బాబాయి విని, "చూశావా, నా ప్లాటు ధర ఒక్క రోజు కూడా తగ్గలేదు" అన్నాడు. "అడిగినవాడు ఎవడైనా ఉంటే కదరా తగ్గడానికి," అన్నాడు నాన్న. బాబాయి ఈ ఆదివారం నిలబడ్డానికి వెళ్ళేటప్పుడు నాన్నని కూడా రమ్మన్నాడు. నాన్న వెళ్తానన్నాడు.

జూలై 12

ఇవాళ ధర చూడలేదు. నిన్న కూడా చూడలేదని ఇప్పుడే గుర్తొచ్చింది.

జూలై 15, సోమవారం

వచ్చింది. పదకొండింటికి నాన్న ఫోన్‌కి మెసేజీ, అయిదు నిమిషాల్లో నాన్న నుంచి నాకు ఫోను. క్లాసు బయటికి వచ్చి ఎత్తాను. వెనకాల డ్రిల్లింగ్ మోత.

"పడింది తల్లీ."

"ఎక్కడున్నావు నాన్నా? ఏం వినబడట్లేదు."

"ఎనిమిదో అంతస్తు. ఆర్కిటెక్టులవాళ్ళకి కొత్త లైన్లు వేస్తున్నాం. ప్రతి బల్లకీ ఆరు ప్లగ్గులు కావాలట. ఆరు దేనికో అడిగా."

"ఏమన్నారు?"

"వాళ్ళకీ తెలీదు. వేస్తున్నా."

జూలై 16

నిన్న సాయంత్రం సంగతి రాయడం కుదరలేదు. కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల అమ్మ పడుకుని నిద్రపోతోంది, కిటికీ తెర సగం తీసి, ఎండ పాదాల దాకా వస్తుంటే. ఒంటిగంటకే వచ్చిందట. గిన్నెలు తోమలేదు. బకెట్ గోడకి బోర్లించి, పొడిగా ఉంది. అమ్మ పగలు నిద్రపోవడం నేను పుట్టాక చూడలేదు. ఏం చేయాలో తెలియక బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాను. నాన్న వచ్చి చూసి, పక్కన కూర్చుని, తన బూట్లు కూడా చప్పుడు కాకుండా విప్పాడు.

ఆరున్నర దాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

జూలై 17

అమ్మ ఒంటిగంటకి వచ్చింది.